27 డిగ్రీల డయోడు, కర్నూలు ఎండ

పోయినేడాది ఫైనలియర్ పిల్లలు ముగ్గురు మందు కొట్టే స్ప్రేయర్‌కు సోలార్ చార్జర్ చేసుకొచ్చారు. బ్యాటరీని పొలం గట్టు మీదే చార్జ్ చేసుకోవచ్చని వాళ్ల ఆలోచన. ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ చక్కగా వచ్చింది. బోర్డుకు కరెంటిచ్చిన రెండు నిమిషాలకే డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) ముట్టుకోలేనంతగా కాలిపోతోంది. "సిమ్యులేషన్లో బాగానే వచ్చింది సార్" అన్నాడొకడు, దాదాపు ఏడుపు గొంతుతో. వాడు అబద్ధం చెప్పలేదు.

వాళ్లు వాడింది 1ఎన్4007 నంబరు డయోడు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ పనికి అది బంగారం. వీళ్ల సర్క్యూట్ స్విచ్ అయ్యేది 50 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే ఒక్కో సైకిల్‌కు 20 మైక్రోసెకన్లే. ఈ డయోడు ఆగడానికే అందులో కొన్ని మైక్రోసెకన్లు పోతాయి. ఆ కాసేపూ కరెంటు వెనక్కి పారుతుంది, డయోడు వేడెక్కుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఇదేమీ తెలియలేదు, ఎందుకంటే పిల్లలు సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోంచి నంబరు లేని డయోడు బొమ్మను లాగి పెట్టారు. మనం ఏమీ ఇవ్వకపోతే స్పైస్ (ఆ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) తీసుకునే విలువలు ఇవి: ట్రాన్సిట్ టైమ్ (డయోడు ఆగడంలో ఆలస్యాన్ని తేల్చేది) సున్నా, కెపాసిటెన్స్ సున్నా, సిరీస్ రెసిస్టెన్స్ సున్నా, బ్రేక్‌డౌన్ వోల్టేజీ (తిరగేసి ఇస్తే డయోడు తట్టుకునే హద్దు) అనంతం. పదివేల వోల్టులు తిరగేసి ఇచ్చినా ఆ డయోడు చెక్కుచెదరదు. అలాంటిది ఏ షాపులోనూ దొరకదు.

స్పైస్ 1970ల మొదట్లో బర్కిలీ యూనివర్సిటీలో పుట్టింది. డయోడు గుణాలను వాడేవాళ్లే ఒక 'డాట్ మోడల్' వరుసలో రాసివ్వవచ్చు. ఆ ఒక్క వరుస రాయడం మన ల్యాబుల్లో నేర్పడం లేదు. నా బాధంతా అదే. స్పైస్‌లో రకాలైన ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ రెండూ ఉచితమే, కాబట్టి ఖర్చు సాకు చెప్పడానికి కూడా లేదు.

డిసెంబర్‌లో ఒక పొద్దున, గది 27 డిగ్రీలున్నప్పుడు, అదే పిల్లలతో కొలతలు తీయించాను. 1 మిల్లీ ఆంపియర్ దగ్గర డయోడు మీద 0.555 వోల్టులు, 10 దగ్గర 0.662. తేడా 107 మిల్లీవోల్టులు. ఆదర్శ డయోడుకైతే కరెంటు పదింతలైనప్పుడు సుమారు 59.5 మిల్లీవోల్టులు పెరగాలి. 107ను దాంతో భాగిస్తే 1.8, అదే మోడల్‌లోని 'ఎన్', అంటే డయోడు ఆదర్శానికి ఎంత దూరమో చెప్పే అంకె. దాన్ని డయోడు వోల్టేజీకీ కరెంటుకూ లంకె చెప్పే షాక్లీ సమీకరణంలో పెడితే శాచురేషన్ కరెంటు (ఆ సమీకరణంలో తిరగేసినప్పుడు కారే కొద్దిపాటి కరెంటు) 6.6 నానో ఆంపియర్లు వచ్చింది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను తీసుకునే విలువకు ఇది ఆరున్నర లక్షల రెట్లు! నోట్‌బుక్‌లో ఆ లెక్క తేలగానే పిల్లలు మళ్లీ మొదటి నుంచి చేసి చూసుకున్నారు.

1 ఆంపియర్ దగ్గర ఇదే లెక్కన 0.876 రావాలి, మీటర్ 0.91 చూపింది. మిగిలిన 34 మిల్లీవోల్టులే సిరీస్ రెసిస్టెన్స్: 34 మిల్లీ ఓములు. ఇక్కడ ఒక జాగ్రత్త. కరెంటు చిన్న పల్స్‌గా ఇచ్చి వెంటనే చదవాలి. ఎక్కువసేపు ఇస్తే డయోడు వేడెక్కి వోల్టేజీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున జారిపోతుంది. రికవరీ (డయోడు ఆగడానికి పట్టే సమయం), బ్రేక్‌డౌన్ సంగతులు మల్టీమీటర్‌కు అందవు, వాటికి కంపెనీ ఇచ్చే డేటాషీట్ చూడాల్సిందే.

కంపెనీలే మోడల్ ఫైళ్లు ఇస్తున్నాయి కదా అంటారు. ఉంటే తప్పకుండా వాడుకోవాలి. కానీ 1ఎన్4007 పేరుతో ఎన్నో కంపెనీలు డయోడ్లు చేస్తాయి, మన షాపులో విడిగా ఇచ్చేది ఎవరిదో తెలియదు. పైగా స్పైస్ మనం మార్చకపోతే 27 డిగ్రీల దగ్గరే లెక్క కడుతుంది. మే నెలలో కర్నూలులో నీడలోనే నలభై దాటుతుంది. ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ప్యానెల్ వెనక జంక్షన్ బాక్సులో ఉండే బైపాస్ డయోడ్లు (నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపేవి) ఆ ఎండలోనే పనిచేయాలి. రేపు అక్కడ ఉద్యోగానికి వెళ్లేది ఈ పిల్లలే.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ప్రతి ల్యాబు రికార్డులో ఒక ప్రయోగం ఉండాలి: షాపులో కొన్న డయోడును కొలిచి, దాని మోడల్ రాసి, 27 దగ్గర, 75 దగ్గర రన్ చేయడం. ఒక మధ్యాహ్నం చాలు.

ఆ ముగ్గురూ ట్రాన్సిట్ టైమ్ ఇచ్చి పాత సర్క్యూట్ మళ్లీ రన్ చేస్తే, వెనక్కి పారే కరెంటు ముల్లులా తెర మీద కనబడింది. తర్వాత వేగంగా ఆగే షాట్కీ డయోడుకు మారారు. 75 డిగ్రీల దగ్గర దాని లీకేజీ (తిరగేసినప్పుడు కారే కరెంటు) చూసి, నేను చెప్పకముందే హీట్‌సింక్ పెద్దది తెచ్చుకున్నారు.