మాటిమాటికీ దెబ్బతినే మనోభావాలు గారికి

మహారాజశ్రీ మనోభావాలు గారికి,

కోనసీమ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పేపర్లో ఒక కార్టూన్ చూసి తమరికే మళ్ళీ దెబ్బ తగిలిందని వాట్సాప్‌లో తెలిసింది. ఎక్కడ తగిలిందో రాయలేదు గానీ, పదిమందికి పంపమని మాత్రం రాశారు.

ఆ కార్టూన్ నేనూ చూశాను. తమరు దెబ్బతినకపోతే నా కంట పడేదే కాదు. నాయకుడు వామనుడి వేషంలో ఉన్నాడు. చేతిలో గొడుగు, మెడలో పార్టీ కండువా. ఒక పాదం ఇసుక ర్యాంపు మీద, రెండోది లంక భూముల మీద. మూడోది ఎక్కడ పెట్టమంటావని రైతుని అడుగుతున్నాడు. వామనుణ్ణి అవమానించారని తమరు ధర్నాకి కూర్చున్నారు. రైతు నెత్తి సంగతి ఎవరూ ఎత్తలేదు, ఇసుక సంగతి సరేసరి. నాయకుడు గారు తన మనసూ గాయపడిందన్నారు. గాయపడ్డ మనిషిని లెక్కలడిగితే ఏం బాగుంటుంది చెప్పండి!

మరి ఆయన పుట్టినరోజుకి సెంటర్లో విశ్వరూపం ఫ్లెక్సీ కట్టారే! కృష్ణుడి ఒంటికి ఆయన తలకాయ, పక్క తలలన్నీ వార్డు మెంబర్లవి. తమరు దాని కిందే నిలబడి కేకు తిన్నారు. అప్పుడు ఒంట్లో బాగానే ఉన్నట్టుంది.

గోదారోళ్ళకి వెటకారం కొత్తా? తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి ఆడిన బూతులకి మా తాతలు పొట్ట పట్టుకుని నవ్వి, మళ్ళీ రాముడు రాగానే చేతులు జోడించేవారు. నరసాపురంలో పుట్టిన బాపు గారు దేవుళ్ళని బొమ్మల్లో కొలిచారు, కార్టూన్లలో నవ్వించారు. రాజమండ్రి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి పెద్దమనుషుల్ని ఏకిపారేశారు. అప్పుడూ తమరు ఊరుకోలేదనుకోండి, ఆ మాట ఒప్పుకోవాలి.

తెల్లదొరలు 1927లో తమరి కోసమే, మతభావాల్ని గాయపరిస్తే శిక్షించే 295ఎ సెక్షన్ పెట్టి వెళ్ళారు. 2024 జూలై 1 నుంచి కొత్త శిక్షాచట్టం భారతీయ న్యాయ సంహితలో అది 299. గది నంబరు మారింది, మంచం అదే. మూడేళ్ళ దాకా జైలు. కావాలని, దురుద్దేశంతో చేస్తేనే నేరమని అందులో రాసుంది. తమరు అంతదాకా చదవరు.

2015 జనవరిలో పారిస్‌లో ప్రవక్త మీద కార్టూన్లు వేసిన వ్యంగ్య పత్రిక షార్లీ ఎబ్దో ఆఫీసు మీద దాడి చేసి 12 మందిని కాల్చి చంపితే, మా వీధిలో సగంమంది స్వేచ్ఛ, స్వేచ్ఛ అన్నారు. మిగతా సగం, ‘చంపడం తప్పేలెండి, కానీ అలాంటి బొమ్మ గీయొచ్చా?’ అన్నారు. ఈ వామనుడు వచ్చాక ఇద్దరూ డైలాగులు మార్చుకున్నారు. కాగితం చూడకుండానే చెప్పేస్తున్నారు, అంత బాగా వచ్చు.

నిజంగా ఒకడి ఇల్లు తగలబెట్టమని మైకులో అరిచినప్పుడు తమరు రావాలి. ఆ రోజు ఎందుకో తమరికి నలతగా ఉంటుంది.

ఫిర్యాదుకి జతచేయాలని కార్టూన్‌ని జిరాక్స్ తీయించారట. షాపు కుర్రాడు తనకో కాపీ ఉంచుకుని, ఇప్పుడు అడిగినవాళ్ళకల్లా తీసిస్తున్నాడు. కార్టూనిస్టుకి పేపరువాళ్ళు కూడా ఇంత ప్రచారం చెయ్యలేదు.

ఇట్లు,
తమరి దెబ్బలు లెక్కపెట్టడం మానేసినవాడు

తా.క.: స్టేషన్లో తమరి వెనకాల ఒకాయన ఇసుక లారీల మీద అర్జీ పట్టుకుని పొద్దుట్నించీ నిలబడ్డాడు. కాస్త పక్కకి జరుగుతారా?