పులికాట్ డచ్ కోట, నేలపట్టు పక్షుల గురించి సవరణ

తిరుపతి నుంచి పులికాట్ సరస్సుకు వెళ్లాలనుకునేవారి కోసం పెట్టిన పోస్టులో, సూళ్లూరుపేట వైపు పక్షులను చూశాక పక్కనే డచ్ కోట కూడా చూడొచ్చని రాశాను. అది తప్పు. జిల్లా మ్యాపులు, పురావస్తు శాఖ సమాచారం చూశాక సరిచేస్తున్నాను.

డచ్చివాళ్లు 1613లో కట్టిన గెల్డ్రియా కోట సరస్సు దక్షిణ కొసన, తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా పళవేర్కాడులో (పులికాట్ ఊరి తమిళ పేరు ఇదే) ఉంది. అక్కడికి పొన్నేరి మీదుగా వెళ్లాలి. సూళ్లూరుపేట నుంచి అటూ ఇటూ తిరిగి పిల్లలతో టెన్షన్ పడొద్దు, దానికి వేరే రోజు పెట్టుకోండి. కోటలో ఇప్పుడు మిగిలింది శిథిలాలే. అసలు చూడాల్సింది డచ్ శ్మశానం. ద్వారానికి అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు, సమాధి రాళ్ల మీద డచ్ అక్షరాలు చాలాసేపు నిలబెట్టేస్తాయి. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలో డచ్చివాళ్ల ముఖ్య కేంద్రం ఈ ఊరే.

ఇంకొకటి. ఫ్లెమింగోలు సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రంలో గూళ్లు కడతాయని కొందరు నా పోస్టును అర్థం చేసుకున్నారు. అక్కడి చెరువులో, నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టేవి గూడబాతులు, నత్తగుల్ల కొంగలు. ఫ్లెమింగోలు మేత కోసం వచ్చేది పులికాట్ లోతు తక్కువ ఉప్పునీళ్లలోకి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు మీద చలికాలంలో ఉదయం పూట చూడండి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వస్తే నేలపట్టు ముందే తగులుతుంది.