తలుపులు బార్లా తెరిచే విధానం

అభివృద్ధి చెందుతున్న దేశమొకటి మీ చేతికొస్తే కంగారు పడకండి. వృద్ధి సాధించడం కష్టంగానీ, సాధించినట్టు లెక్క చూపడం పూటలో పని.

ముందు వాణిజ్యం సంగతి. ఎగుమతుల్నీ దిగుమతుల్నీ కూడి జీడీపీతో భాగిస్తే దేశం ఎంత తెరుచుకుందో తెలుస్తుందట. 95 డాలర్ల విడిభాగాలు తెప్పించి, స్క్రూలు బిగించి, డబ్బాలో పెట్టి 100కు పంపారనుకోండి. వాణిజ్యం 195, ఇక్కడ పుట్టిన విలువ 5. మంత్రిగారు సభలో చదవాల్సింది 195. ఆ 5 గురించి అడిగేవాడు అభివృద్ధి నిరోధకుడు. ఈ కొలబద్ద ప్రకారం సింగపూర్ 300 శాతం దాటేసింది. పాతిక శాతం దగ్గర తచ్చాడే అమెరికా, పాపం, గడియ పెట్టుకున్న కొంప.

ఇక విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి. పేరులో ‘ప్రత్యక్షం’ ఉంది కదాని కళ్లకు కనబడాలని పట్టుబట్టకూడదు. ఓటు హక్కులో 10 శాతం విదేశీయుడి చేతిలో ఉంటే చాలు, ప్రత్యక్షమైనట్టే. పద్దులో మూడు అరలుంటాయి: వాటా మూలధనం, ఇక్కడే అట్టిపెట్టిన లాభాలు, మాతృసంస్థ ఇచ్చే అప్పు. రెండో అరలోకి సరిహద్దు దాటి ఒక్క డాలరూ రాదు, అయినా ‘వచ్చిన పెట్టుబడే’. మూడోది మరీ రుచి. తల్లి అప్పిస్తుంది, పిల్ల వడ్డీ కడుతుంది, ఆ వడ్డీ ఖర్చుల్లో చేరి పన్ను కట్టాల్సిన లాభం ఆవిరైపోతుంది. ఇంకా మిగిలితే పేరు వాడుకున్నందుకు రాయల్టీ ఉండనే ఉంది. మన షావుకారు సొమ్మే పన్నులేని దీవికెళ్లి సూటూ బూటూ తొడుక్కుని తిరిగొస్తే, దానికీ పెళ్లికొడుకు మర్యాదలు చేయాలి.

సంపన్న దేశాలూ ఈ విద్యలో తక్కువ తినలేదు. కంపెనీలు పేటెంట్ల వంటి ఆస్తుల్ని కాగితాలమీద ఐర్లాండ్‌కు తరలించేసరికి, 2015లో ఆ దేశపు జీడీపీ తొలి లెక్కల్లో 26 శాతం ఎగబాకింది. 2017లో వాళ్ల గణాంక శాఖే మొహమాటపడి, సవరించిన జాతీయాదాయమని వేరే కొలత పెట్టుకుంది. అంత నిజాయితీ మనకక్కర్లేదు.

కొందరు చాదస్తులు దక్షిణ కొరియా పేరెత్తుతారు. అది 1960లు, 70లలో విదేశీ యాజమాన్యాన్ని కట్టడి చేసి, అప్పులు తెచ్చి, లైసెన్సులు కొని పని నేర్చుకుంది. 1998లో బోరెన్‌స్టైన్, డి గ్రెగోరియో, లీ అనే ఆర్థికవేత్తలు 69 దేశాల లెక్కలు తీసి, చదువు ఒక స్థాయికి చేరినచోటే విదేశీ పెట్టుబడి వృద్ధికి అక్కరకొస్తుందని తేల్చారు. చదువంటే పదేళ్ల పని. మంత్రిగారి పదవీకాలం ఐదేళ్లు. భూమి కేటాయింపు మధ్యాహ్నం భోజనంలోపే అయిపోతుంది.

పదేళ్లు పన్ను మినహాయింపు రాసివ్వండి. పదకొండో ఏట అదే షెడ్డు, అవే యంత్రాలు, కొత్త కంపెనీ బోర్డు. రిబ్బన్ మాత్రం మళ్లీ కొనాలి.