సిగ్నల్ పోతే మోటారు ఎవరి మాట వినాలి?

ఆ మెసేజ్ ఈ వారం నాలుగు గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, అందుకే ఊరుకోలేకపోతున్నాను. దాని సారం ఇది: బోరు మోటారుకి సిమ్ స్టార్టరు (ఫోన్ కమాండ్‌తో మోటారుని ఆన్, ఆఫ్ చేసే డబ్బా) పెట్టించండి, ట్యాంకులోని సెన్సరు ఫోన్ నెట్‌వర్క్ మీదుగా మోటారుని ఆపుతుంది, ఇక డ్రై రన్ రిలే (నీళ్లు లేకుండా మోటారు తిరిగితే దాన్ని ఆపేసేది) దండగ, పీకేయండి. 5జీలో ఆలస్యం ఉండదు. కరెంటు రాగానే తనే ఆన్ అవుతుంది. సిగ్నల్ పోయినా చివరి కమాండే నడుస్తుంది, భయం లేదు.

5జీ గొడవ అనవసరం. గంటకి నిండే ట్యాంకుకి రెండు సెకన్లు ఆలస్యమైతే ఏం? 2జీ చాలు.

కరెంటు రాగానే ఆన్ అవడం గొప్పేం కాదు. 2018 జనవరి 1న 24 గంటల కరెంటు మొదలుపెడుతూ తెలంగాణ ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను అడిగింది, భూగర్భజలం అడుగంటుతుందని.

చివరి కమాండ్ మాట మాత్రం వదలను. ఆ చివరి కమాండ్ "ఆన్" అయితే? టవర్ పడిపోయింది, ట్యాంకు నిండింది, "ఆఫ్" దారిలోనే పోయింది. మోటారు తిరుగుతూనే ఉంటుంది. బోరులో నీళ్లు అయిపోతే నీళ్లలో మునిగి ఉండే ఆ సబ్‌మెర్సిబుల్ మోటారుని చల్లబరిచేదేదీ ఉండదు, లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలిపోతుంది. నెట్‌వర్క్‌తో పనిలేకుండా దాన్ని ఆపగలిగేది ఆ రిలే ఒక్కటే. దాన్నే పీకేయమంటారా? మెసేజ్ రాసినవాడు ఏనాడైనా బోరులోంచి మోటారు పైకి లాగించాడా?

ఇంతకన్నా ఘోరం ఇంకోటి. కమాండ్ ఎస్సెమ్మెస్‌గా వెళ్తే, అది వేళకి చేరుతుందన్న హామీ లేదు, పంపిన వరసలో చేరుతుందనీ లేదు. పొద్దున పంపిన "ఆన్" మధ్యాహ్నం సిగ్నల్ రాగానే దిగొచ్చు. అప్పటికి ఎవరో పైపు విప్పుతూ ఉండొచ్చు, ఫ్యూజులు తీయకుండా స్టార్టరు డబ్బాలో చెయ్యి పెట్టి ఉండొచ్చు. ప్రతి కమాండ్‌కీ టైము ఉండాలి, పాతబడినదాన్ని స్టార్టరు పారేయాలి. ట్యాంకు నుంచి కబురు ఆగిపోతే మోటారు తనంతట తానే ఆగాలి.

ఒకటి ఒప్పుకోవాలి. పాత కమాండ్‌నే పట్టుకుని ఉండటం ఎక్కడైనా తప్పే అని నేనూ చాన్నాళ్లు అనుకున్నాను. కాదు. కబురు అందనప్పుడు పాత ఆదేశం కొనసాగించడమా, సున్నా చేయడమా (అంటే ఆపేయడమా) అన్న ప్రశ్నకి అన్నిచోట్లా చెల్లే జవాబు లేదని ఇటలీ పరిశోధకుడు లూకా స్కెనాటో 2009లోనే చూపించారు. ఆగితే ఏం పోతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. మన మోటారు ఆగితే ఓ పూట ట్యాంకు ఖాళీగా ఉంటుంది, అంతే.

ఆ మెసేజ్ నమ్మి రిలే తీసేసినవాళ్లు దయచేసి ఈరోజే తిరిగి పెట్టించండి.