ఇంట గెలవకుండానే రచ్చకు

ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న నానుడి వ్యాపారానికీ వర్తిస్తుందని చాలాకాలం నమ్మారు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు యోహాన్సన్, వాల్నే 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం సారాంశమూ అదే: సంస్థ ముందు స్వదేశంలో నిలదొక్కుకుని, ఆపై తెలిసిన దేశాలకు, ఆ అనుభవంతో దూరదేశాలకు అంచెలంచెలుగా విస్తరిస్తుంది. పట్టుమని పదిమంది ఉద్యోగులు లేని అంకుర సంస్థలు ఇప్పుడు ఆ వరుసను తిరగేస్తున్నాయి. దీన్ని సాహసంగా కీర్తించే ప్రభుత్వాలు, వాటిని అంత తొందరగా గడప దాటిస్తున్న పరిస్థితులేమిటో చూడటం లేదు.

స్వదేశీ మార్కెట్ మరీ చిన్నదైతే బయటికి వెళ్లడం సహజమే. సుమారు 13 లక్షల జనాభా ఉన్న ఎస్తోనియాలో ప్రతి ఇల్లూ కొన్నా ఒక సాఫ్ట్‌వేర్ తయారీ ఖర్చు రాబట్టుకోవడం కష్టం. అక్కడి ఇంజినీర్లు రూపకల్పన చేసిన స్కైప్ 2003లో ప్రపంచమంతటినీ ఉద్దేశించే వెలువడింది. ఇజ్రాయెల్‌లో 1993లో పుట్టిన కంప్యూటర్ భద్రత సంస్థ చెక్‌పాయింట్ అమెరికాలో కొనుగోలుదారులను వెతుక్కుని, మూడేళ్లకే అక్కడి స్టాక్ ఎక్స్ఛేంజీ నాస్‌డాక్‌లో నమోదైంది. ఇలాంటి సంస్థలకు బయటి ప్రపంచమే అసలు మార్కెట్ అని మొదటి రోజు నుంచే తెలుసు కాబట్టి భాషలు, కరెన్సీలు, చట్టాలు అన్నీ ముందే లెక్కలోకి వస్తాయి.

ఆందోళన కలిగించేది రెండో రకం వలస. మార్కెట్ పెద్దదే, అవసరమూ ఉంది, కానీ చిన్న సంస్థకు తలుపు తెరుచుకోదు. టెండరు పత్రం తిరగేస్తే చాలు: మూడేళ్ల టర్నోవరు లెక్కలు, అదే తరహా పని ఇంతకు ముందు చేసినట్లు ధ్రువపత్రం, ఆపై ధరావతు. ఏడాది కిందట పుట్టిన సంస్థ వీటిని ఎక్కడి నుంచి తెస్తుంది? ప్రైవేటు కొనుగోలుదారును ఆశ్రయిస్తే ముందు ఉచితంగా నడిపి చూపమంటారు. ఆర్నెల్లయ్యాక బాగుందంటూనే ధర సగానికి కోస్తారు. ఒప్పందం కుదిరాక బిల్లు ఒక విభాగం నుంచి మరో విభాగానికి సంతకాల కోసం తిరుగుతుంటే, జీతాల తేదీ రెండు మూడుసార్లు వచ్చిపోతుంది. అదే ఉత్పత్తిని మరో దేశంలోని చిన్న కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసి, కొన్నాళ్లు వాడి, నెల చందా కార్డుతో ముందుగానే కట్టేస్తుంది. విదేశీ కొనుగోలుదారు పేరు చూపించాకే స్వదేశంలోని పెద్ద సంస్థలు అదే ఉత్పత్తిని పిలిచి మరీ అడగడం ఇందులోని విడ్డూరం.

బయటి మార్కెట్ మాత్రం తేరగా దొరకదు. ఐరోపా సమాఖ్యలో వ్యక్తిగత వినియోగదారులకు అమ్మే డిజిటల్ సేవలపై వ్యాట్‌ను 2015 నుంచి సాధారణంగా కొనుగోలుదారు ఉన్న దేశపు రేటు ప్రకారం కట్టాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2018 నుంచి జీడీపీఆర్ అనే చట్టం అమల్లో ఉంది. నలుగురైదుగురున్న బృందంలో ఒకరు ఈ కాగితాలకే అంకితమైతే, మరొకరు అవతలి దేశపు పనివేళల కోసం రాత్రంతా మేల్కోవాలి. అంతకు మించిన నష్టం నెమ్మదిగా జరుగుతుంది. డబ్బు ఎవరిస్తే ఉత్పత్తి వారి అవసరాలకే ఒదుగుతుంది కనుక స్వదేశంలోని ఆస్పత్రి, బడి, చిల్లర వర్తకుడి ఇబ్బందులు ఎవరి ప్రణాళికలోనూ ఉండవు. కొన్నాళ్లకు ప్రధాన కార్యాలయం, మేధోహక్కులు, వాటి వెంట పన్నులు కూడా అటే నడుస్తాయి.

వీటికి విరుగుడుగా ప్రభుత్వాలు ఎక్కువగా ఎంచుకునేది విదేశీ ప్రదర్శనల్లో దుకాణాలు, ప్రయాణ ఖర్చులకు రాయితీలు. ఒక చేత్తో బిల్లు ఆపి మరో చేత్తో విమాన టికెట్ ఇవ్వడం విధానమనిపించుకోదు. ప్రభుత్వ సంస్థలు సాధారణంగా 30 రోజుల్లో చెల్లించాలని ఐరోపా సమాఖ్య 2011లోనే ఆదేశించింది. దాన్ని పాటించేలా చూడలేదని ఇటలీని సమాఖ్య న్యాయస్థానం 2020లో తప్పుబట్టింది. గడువు రాసినంత మాత్రాన డబ్బు చేతికి రాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. బ్రిటన్ 2017 నుంచి పెద్ద కంపెనీలు బిల్లులను సగటున ఎన్ని రోజుల్లో చెల్లిస్తున్నదీ ఏడాదికి రెండుసార్లు బహిరంగంగా ప్రకటించాలన్న నిబంధన తెచ్చింది. అంకుర సంస్థల గురించి గొప్పగా మాట్లాడే ప్రతి ప్రభుత్వమూ అలాంటి లెక్కను ముందు తన శాఖల నుంచే రాబట్టి ప్రజల ముందు పెట్టాలి. చిన్న మొత్తాల కొనుగోళ్లలో టర్నోవరు, పూర్వానుభవం షరతులను ఎత్తివేసి, ఉచిత ప్రయోగాల స్థానంలో రుసుము చెల్లించే ప్రయోగాలను తప్పనిసరి చేయాలి. ఇందుకు కొత్త నిధి ఏదీ అవసరం లేదు, ఉన్న బిల్లులపై సంతకాలు పడితే చాలు.