నాలుగో నంబరు బూటు

విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులు మూడు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కడుపులో దాదాపు 1500 డిగ్రీల కరిగిన ఇనుము పెట్టుకుని రాత్రీపగలూ పనిచేసే ఈ తల్లులని చీకటి పడింది, ఇంటికెళ్లమని ఎవరూ అనరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ మాత్రం మామూలు ఆడవాళ్లకి ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే అంది. తర్వాత కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద చేసిన 2020 కోడ్ (కొత్త చట్టం) వచ్చి, ఆమె ఒప్పుకుని, యాజమాన్యం భద్రత చూపిస్తే రాత్రి షిఫ్టూ సరేనంది. పాపం, ఆడవాళ్లని ఫర్నేసు దగ్గరికి రానీయకుండా చెప్పడానికున్న ఒక్క వంకా పోయింది.

బెంగ పడకండి, బూట్లూ కోట్లూ ఇచ్చే స్టోర్సు ఉంది.

ఒక మహిళని షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేయండి. కాలు నాలుగో నంబరైతే ఏడో నంబరు సేఫ్టీ షూ ఇచ్చి, ముందు దూది కుక్కుకోమనండి. షూ వంగేచోటూ పాదం వంగేచోటూ ఒకటి కావు కాబట్టి పైతోలు ముడతపడి వేళ్లని ఒరుస్తుంది, నిచ్చెన ఎక్కుతుంటే మడమ జారుతుంది. కోటు చేతులు పొడుగు, ఆమె మడుచుకుంటుంది. కరిగిన ఇనుము బయటికొచ్చే ట్యాప్ హోల్ దగ్గర ఎగిరిన నిప్పురవ్వ కింద పడిపోకుండా ఆ మడతలో హాయిగా కూర్చుంటుంది. నడినెత్తి కొప్పు మీద హెల్మెట్ పెడితే లోపలి పట్టీలకీ డొప్పకీ మధ్య ఖాళీ ఉండదు. దెబ్బని మింగాల్సింది ఆ ఖాళీయే. జుట్టు మెడ దగ్గరికి దించి కట్టుకుంటే చాలు. కానీ ఆ ముక్క చెప్పాల్సిన ట్రైనరుగారికి బట్టతల.

అసలు పట్టు టాయిలెట్‌లో ఉంది. దాన్ని అడ్మిన్ బిల్డింగులోనే ఉంచండి. ఫర్నేసు ముందుండే క్యాస్ట్ హౌస్ వేడికి చెమట ధారలు కడుతుంది, గంటగంటకీ నీళ్లు తాగాలి. తాగితే కిలోమీటరు నడవాలి, అందుకని ఆమె తాగదు. మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. ‘మేడం వేడికి ఆగలేరు, ప్లానింగులో వేద్దాం’ అని నొచ్చుకుంటూ రాసేయొచ్చు. వివక్ష అన్న మాట ఎక్కడా రాదు.

పెద్ద కంపెనీల బోర్డులో ఒక మహిళైనా ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. బోర్డు రూములోకి మామూలు చెప్పులతో వెళ్లొచ్చు, అదో వెసులుబాటు.

మార్చి 8న గులాబీలు ఎన్నంటే అన్ని, ఇండెంటు (సరుకు కావాలని పెట్టే అర్జీ) అక్కర్లేదు. బూట్లకే ఇండెంటు. స్టోర్సు గుమస్తా నవ్వుతూనే అంటాడు: “ఒక్క జతకి ఎలా పెట్టమంటారు మేడం? మీలాంటోళ్లు పదిమందయ్యాక తెప్పిద్దాం.”