టీచరమ్మ మూతి కనిపిస్తుందా?

హన్మకొండలో ప్లేస్కూల్ అడ్మిషన్ల కోసం తిరిగే తల్లిదండ్రులు ఏసీ ఉందా అంటారు, వ్యాన్ మా గల్లీకి వస్తుందా అంటారు, సీసీ కెమెరాలు ఎన్ని అంటారు. స్మార్ట్ బోర్డు సంగతి మాత్రం అందరూ అడుగుతారు. పాఠం చెప్పేటప్పుడు టీచరమ్మ మూతి పిల్లలకు కనిపిస్తుందా అని అడిగినవాళ్లను నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఈమధ్య మా చెల్లె మనవరాలి అడ్మిషన్‌కని ఒక బడికి తోడు వెళ్లాను. పేరు వద్దు, ఆ ఒక్క బడి కథే కాదిది. గోడంత తెర, దాని మీద కళ్లూ నోరూ ఉన్న యాపిల్ పండు. ఎవరిదో అమెరికా యాస గొంతు అక్షరాలు పలుకుతోంది. ఆ గొంతు ఏమన్నా సరే, పండు నోరు ఒకటే తీరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పిల్లలు రెప్పవేయకుండా చూస్తున్నారు, ఒక్కరూ నోరు మెదపడం లేదు. టీచరమ్మ మూలన నిలబడి రిజిస్టర్ రాసుకుంటోంది. "చూశారా మేడం, ఎంత సైలెంట్‌గా ఉన్నారో" అన్నారు కరస్పాండెంట్ గారు గర్వంగా. మూడేళ్ల పిల్లలు సైలెంట్‌గా ఉంటే నాకు టెన్షన్ వస్తుంది, ఆయనకు సంతోషం వచ్చింది.

మాట నేర్చుకోవడం చెవి పని అని మనందరి లెక్క. అందులో కంటికీ పని ఉంది. 1982లో పాట్రీషియా కుల్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అనే పరిశోధకులు నాలుగైదు నెలల పసిపిల్లల ముందు ఒకే మనిషి మొహాన్ని రెండు చోట్ల పక్కపక్కనే చూపించారు. ఒకచోట 'ఆ' అంటోంది, ఇంకోచోట 'ఈ' అంటోంది. వినిపించే శబ్దం మాత్రం ఒక్కటే. 'ఆ' వినిపించినప్పుడు పిల్లలు 'ఆ' అంటున్న నోటినే ఎక్కువసేపు చూశారు. ఇంకా కూర్చోవడం కూడా రాని వయసు!

2012లో వచ్చిన ఇంకో పరిశోధన నాకు మరీ ఇష్టం. నాలుగు నెలలప్పుడు మాట్లాడేవాళ్ల కళ్లలోకి చూసే పిల్లలు ఎనిమిది నెలలకు చూపును నోటి మీదికి దించుతారట. సరిగ్గా 'బాబాబా, తాతాతా' అని మొదలుపెట్టే రోజులవి. ఏడాది నిండేసరికి సొంత భాష మాట్లాడేవాళ్ల విషయంలో చూపు మళ్లీ కళ్లవైపు వెళ్లడం మొదలవుతుంది. అదే రాని భాషైతే నోటిని వదలరు. ఇప్పుడు మన బడుల సంగతి చూడండి. ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లిష్. ఏ భాషకైతే పిల్లకు మనిషి నోరు ఎక్కువగా కావాలో, ఆ భాషను తీసుకెళ్లి యాపిల్ పండుకు అప్పజెప్పాం. పైగా దానికి ఫీజు ఎక్కువ.

పెద్దవాళ్లం మనం కూడా కంటితో వింటాం. 'బ' అనే శబ్దాన్ని 'గ' అంటున్న మనిషి వీడియోకు అతికిస్తే చాలామందికి 'ద' అనో 'డ' అనో వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే మళ్లీ 'బ'. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ బయటపెట్టిన సంగతి ఇది. 'బ' విన్నానని చెవి అంటుంది, పెదవులు కలవనేలేదు కదా అని కన్ను అంటుంది, మెదడు ఊరి పెద్దమనిషిలా ఇద్దరికీ రాజీ కుదిర్చి 'డ' అని తేల్చేస్తుంది. వాళ్ల ప్రయోగంలో చిన్నపిల్లలు పెద్దవాళ్లంతగా మోసపోలేదు. అంటే కన్నూ చెవీ కలవడం పుట్టుకతోనే పూర్తయ్యే పని కాదు, బడి వయసులో కూడా ఇంకా నడుస్తూనే ఉంటుంది.

పరకాల వైపు ఒక సర్కారు బడిలో ఒకటో తరగతి టీచరమ్మను చూశాను. నోట్‌బుక్ నుంచి సన్నటి కాగితం ముక్క చించి పెదవుల ముందు పట్టుకుని పిల్లల ఎత్తుకు వంగింది. 'ప' అంది, కాగితం ఊరికే అలా కదిలింది. 'ఫ' అంది, రెపరెపలాడింది. పిల్లలందరికీ తలా ఒక ముక్క. కాసేపు క్లాసంతా గోల, ఉమ్మి, నవ్వులు. ఒత్తు అక్షరం పలకని పిల్లవాడు తన కాగితం ఎందుకు ఎగరట్లేదని పక్కవాడి మూతిని తదేకంగా చూస్తున్నాడు. రూపాయి ఖర్చు లేదు. సర్కారు బడులన్నీ ఇలాగే ఉన్నాయని అనను. బోర్డు వైపు తిరిగి, వీపుతో పాఠం చెప్పేవాళ్లు అక్కడా బోలెడు మంది, పైన గరగరమనే ఫ్యాన్ ఒకటి.

బతుకమ్మ సంగతీ చెప్పాలి, తిట్టుకుంటే తిట్టుకోండి. 2000లో లోరెయిన్ బారిక్, రాబర్ట్ లిక్లైటర్ ఐదు నెలల పిల్లలకు సుత్తి దెబ్బల లయ మారడం తెలుస్తుందా అని చూశారు. దెబ్బ కనిపిస్తూ, అదే క్షణంలో వినిపిస్తే పసిగట్టారు. ఉత్త శబ్దమైనా, ఉత్త బొమ్మైనా పసిగట్టలేదు. అమ్మమ్మ చంకనెక్కి బతుకమ్మ ఆట చూసే పిల్లకు దొరికేది అదే కదా. చేతులు కలిసిన క్షణంలోనే చప్పుడు, ఒకరు పాడుతుంటే అందరి నోళ్లూ ఒకేసారి 'ఉయ్యాలో' అని కదలడం. చేర్యాల పటం కథలోనూ అంతే, పాటలో వచ్చిన బొమ్మ మీదికే కథకుడి కర్ర వెళ్తుంది. మన పెద్దలకు సైన్సంతా ముందే తెలుసనే బాపతు కాదు నేను. కానీ ఇప్పుడు మా కాలనీలో డీజే బాక్సులు పెడుతున్నారు. చప్పట్లు కనిపిస్తాయి, వినిపించవు. పాట వినిపిస్తుంది, పాడే నోరు కనిపించదు. చంకలో పిల్ల చెవులు మూసుకుని ఏడుస్తుంది.

"మావాడు ఫోన్ చూసే ఏబీసీడీలన్నీ నేర్చుకున్నాడు అక్కా" అనే చెల్లెళ్లకు: నేర్చుకున్నాడమ్మా, కాదనను. కానీ ఎలిఫెంట్ అనేవాడు నీళ్లు కావాలంటే బిందె వైపు వేలు ఎందుకు చూపిస్తున్నాడు? 2003లో కుల్ బృందమే ఇంకో ప్రయోగం చేసింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లల్లో కొందరికి ఎదురుగా చైనా భాష మాండరిన్ మాట్లాడేవాళ్లను కూర్చోబెట్టి ఆడించారు. ఇంకొందరికి అదే మనుషులు, అవే మాటలు టీవీలో. ఎదురుగా విన్నవాళ్లు ఆ భాష శబ్దాల్లో తేడా పట్టారు, టీవీ పిల్లలకు ఏమీ అంటలేదు. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్లలోపు పిల్లలకు ఏ తెరా వద్దనే చెబుతోంది. ఎప్పుడైనా చుట్టాలతో వీడియో కాల్ ఒక్కటే మినహాయింపు. దుబాయ్‌లో ఉన్న నాన్న "ఏం చేస్తున్నవ్ బిడ్డా" అంటే పిల్ల కిలకిలమంటుంది, ఆయన మళ్లీ నవ్వుతాడు. కార్టూన్ అలా నవ్వదు.

ఇంకొకటి, ఇది రాయకపోతే పైదంతా దండగ. కొందరు పిల్లలు మన నోటినే అదేపనిగా చూస్తారు, ఎదురుగా ఉంటే చెప్పింది చేస్తారు, వెనక నుంచి పిలిస్తే పలకరు. ఇంట్లో వాళ్లకు 'మొండిది', 'పొగరు' అని పేరు పెడతారు. చాలాసార్లు అది పొగరు కాదు. చెవిలో చీము కారుతుంటేనో, పుట్టుకతోనే వినికిడి తక్కువుంటేనో ఆ పిల్ల లోటును కంటితో పూడ్చుకుంటోంది. పుట్టుకతో వినిపించని పిల్లల మీద 2005లో ఒక పరిశోధన వచ్చింది. రెండున్నరేళ్లలోపు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో చెవిలో అమర్చే వినికిడి పరికరం) చేయించుకున్నవాళ్లలో కన్నూ చెవీ చెప్పింది కలిపి వినడం బాగా కుదిరింది. ఆ వయసు దాటాక చేయించుకున్నవాళ్లలో అంతగా కుదరలేదు. "పెద్దయితే మాటలు వస్తాయిలే, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అనే మాట అందుకే నాకు ఒళ్లుమంట. ఈరోజు పిల్ల ఆడుకుంటున్నప్పుడు టీవీ ఆపేసి, వెనక నిలబడి, చప్పట్లు కొట్టకుండా, నీడ పడకుండా మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. రెండు మూడు రోజులు చూసినా తిరగకపోతే అంగన్‌వాడీకో బడికో వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం) డాక్టర్లకు చూపించండి. వాళ్లు ఎప్పుడొస్తారో తెలియకపోతే ఆగకుండా చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.